గ్యాసు నింపే ముందు లీకు వెతికే ఏసీ షాపు, పర్లాకిమిడి: 5కి 4 స్టార్లు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్ళకి లోటు లేదు. పక్కనున్న పాతపట్నం నుంచి కూడా బండి మీద వచ్చి పని చేసి వెళ్తుంటారు. వాళ్ళలో ఒక్కరి గురించే ఈ రివ్యూ. షాపు పేరు మాత్రం రాయడం లేదు. "వద్దమ్మా, వేసవిలో ఉన్న ఫోన్లే ఎత్తలేకపోతున్నాను, ఇంక పేరు కూడా పెడితే నా పని అయిపోతుంది" అని అతనే బతిమాలాడు. వెల్డింగ్ షాపు పక్కన ఒకే ఒక్క షట్టరు, లోపల ఇద్దరు మనుషులు పట్టరు. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా నా దగ్గరికి వచ్చి అడిగితే నంబరు ఇస్తాను.

మాది మెడికల్ షాపు. ఫార్మసిస్టుని నేనే. చాలా మందుల స్ట్రిప్పుల వెనక 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలని అచ్చు వేసి ఉంటుంది, కొన్నిటికి 30 వరకు పర్వాలేదు. మే నెల మధ్యాహ్నం మా వీధిలో షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఇంక లోపల అరల సంగతి చెప్పాలా? ఇన్సులిన్‌కైతే వేరే ఫ్రిజ్ ఉంది, దానికి 2 నుంచి 8 డిగ్రీలు. 2018లో తిత్లీ తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్ కాపాడుకోవడానికి ఐసు కోసం మావారు ఊరంతా తిరిగారు. అంచేత ఏసీ ఆగిపోతే ఇంట్లోవాళ్ళలా చెమట తుడుచుకుని ఊరుకోవడం మాకు కుదరదు.

మా పాత ఏసీ ఒకటిన్నర టన్నుది, 2013లో కొన్నది, ఆర్-22 అనే పాత రకం గ్యాసుది. ఏటా మార్చి చివరికి చల్లదనం తగ్గేది. ఎవరినో ఒకరిని పిలిచేవాళ్ళం. వచ్చినతను గేజి పెట్టి చూసి, "గ్యాసు అయిపోయింది మేడం" అని సిలిండరు తగిలించి నింపి, రెండు వేల అయిదు వందలో మూడు వేలో తీసుకుని వెళ్ళేవాడు. మళ్ళీ వచ్చే మార్చికి అదే మాట. మా వీధిలో బట్టల షాపు ఆయనకీ అంతే, ఫ్యాన్సీ షాపు ఆవిడకీ అంతే. దీపావళికి సున్నం వేయించినట్టు ఏసీకి ఏటా గ్యాసు వేయించాలి కాబోలని అందరం అలవాటు పడిపోయాం.

ఈ షాపు అతను వచ్చి అన్న మొదటి మాట: "గ్యాసు అయిపోదమ్మా. అది లోపలే తిరుగుతుంటుంది, ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం బాబూ?"

"చెబితే లీకు వెతకాలి కదమ్మా" అని నవ్వాడు.

పని ఎలా చేశాడో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే 4 స్టార్లు ఇస్తున్నది దీనికే. ముందు మిషన్‌లో మిగిలిన గ్యాసును ఒక చిన్న రికవరీ మెషీన్‌తో లాగి తన ఖాళీ సిలిండరులోకి ఎక్కించాడు. ఆ సిలిండరును అంతకు ముందే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి బరువు రాసుకున్నాడు, అయ్యాక మళ్ళీ తూచాడు. అర కిలోకి కాస్త తక్కువ వచ్చింది. మిషన్ స్టిక్కరు మీద ఉండాల్సింది కిలో పైన. అంటే సగానికి పైగా గాలిలో కలిసిపోయింది, అదీ ఒక్క ఏడాదిలోనే.

తర్వాత నైట్రోజన్ సిలిండరు తగిలించి లోపల ప్రెషర్ పెట్టాడు. సబ్బు నీళ్ళ స్ప్రే సీసాతో బయటి యూనిట్ దగ్గర్నుంచి మొదలుపెట్టి జాయింటు జాయింటుకీ కొడుతూ వచ్చాడు. బయట ఏమీ లేదు. లోపలి యూనిట్ వెనక, గోడకీ పైపుకీ మధ్య చుట్టిన నల్లటి ఫోము విప్పి, ఇత్తడి నట్టు మీద కొట్టి, నన్ను పిలిచి సెల్ ఫోన్ టార్చి వేసి చూపించాడు. నట్టు అంచున ఒక బుడగ పుట్టింది, మెల్లగా ఉబ్బింది, పగిలింది. కాసేపు ఆగితే అక్కడే ఇంకొకటి. ఇన్నేళ్ళుగా మా డబ్బు వెళ్తున్న దారి అది. రాగి పైపు చివర విప్పారేలా చేసి నట్టుతో బిగిస్తారు చూడండి, దాన్ని ఫ్లేరింగ్ అంటారు, అది మొదటిసారి బిగించినప్పుడే వంకరగా వచ్చిందట. కత్తిరించి కొత్తగా చేసి, నట్టు మార్చి, మళ్ళీ నైట్రోజన్ పెట్టి, గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలని వదిలేసి టీకి వెళ్ళాడు. వచ్చాక ముల్లు అక్కడే ఉంది.

ఆ తర్వాత వాక్యూమ్ పంపు. అరగంట పైనే ఆడింది. ఇది చాలామంది చెయ్యరు. పైపుల్లో గాలి పోవడానికి గ్యాసునే కొంచెం లోపలికి వదిలి, రెండో చివర నట్టు వదులు చేసి 'తుస్స్' మనిపించి బిగించేస్తారు. మా ఇంటి ఏసీ బిగించినప్పుడు నా కళ్ళ ముందే అలా చేశారు. ఇతను చివరికి గ్యాసు ఎక్కించేటప్పుడు కూడా గేజి చూసి అందాజుగా ఆపలేదు, సిలిండరును కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించాడు. మా మిషన్‌లోంచి తీసిందే ఫిల్టరు చేసి ముందు ఎక్కించి, తక్కువైనదే తన సిలిండరు నుంచి వేశాడు, దానికే డబ్బు రాశాడు.

బిల్లు 4,200. నైట్రోజన్ టెస్టుకి, ఫ్లేరింగుకి, వాక్యూమ్‌కి, గ్యాసుకి విడివిడిగా రాసి ఇచ్చాడు. మావారు "మామూలుగా అయ్యేదానికి ఒకటిన్నర రెట్లు" అని గొణిగారు. నిజమే. కానీ ఆ తర్వాతి మార్చిలో గ్యాసు మాట రాలేదు. ఆ లెక్క చూసుకుంటే మావారు కూడా ఇప్పుడు మాట్లాడరు.

ఇంతకీ ఈ గ్యాసు కారిపోతే మన జేబుకి తప్ప ఎవరికి నష్టం? నాకు ఆ కుతూహలం ఎందుకు పుట్టిందంటే, అతని షాపులో గోడకి ఒక సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ కింద ఓజోన్ సెల్ అని ఒకటి ఉంది, దాని తరఫున మెకానిక్కులకి ట్రైనింగ్ ఇస్తారు. రికవరీ మెషీన్, కాటా అలవాటు అక్కడ నేర్చుకున్నదేనట. నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్నే కాబట్టి కాస్త వెతికి చదివాను.

ఆర్-22 ఒక కిలో గాలిలోకి పోతే, వందేళ్ళ లెక్కలో 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పుట్టిస్తుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. భాగించి చూడండి, కిలో గ్యాసు అంటే దాదాపు 2,500 యూనిట్ల కరెంటు. కొత్త ఫైవ్ స్టార్ ఏసీ మూడేళ్ళు వాడినా అంత కాలదు. 24 మీద పెట్టుకోండి, ఫిల్టరు కడుక్కోండి, కరెంటు ఆదా చేయండి అని చెప్పేవాళ్ళు బోలెడుమంది. గోడ వెనక నట్టు గురించి చెప్పినవాడు ఇతనొక్కడే.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి, చాలా గట్టివే. ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. ఓజోన్ పొరను తినే పదార్థాల మీద 2000లో మన దేశంలో నిబంధనలు వచ్చాయి. పాత ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ గ్యాసులు 2010 నాటికి పోయాయి. ఆర్-22 వాటి తర్వాతి తరం, ఓజోన్‌కి చేటు తక్కువే గానీ ఉంది. మనలాంటి దేశాలకి దాని వాడకం 2013 నుంచి ఇంక పెరగకుండా ఆపాలి, 2015కి 10 శాతం, 2020కి 35, 2025కి 67.5 శాతం తగ్గించాలి, 2030కి ఆపేయాలి. రిపేర్ల కోసం మాత్రం కాస్త మిగులు 2040 దాకా. ఆ ఒప్పందం ఓజోన్ కోసం పుట్టింది గానీ, ఈ గ్యాసులన్నీ భూమిని వేడెక్కించేవి కూడా కావడంతో వాతావరణానికీ మేలు చేసింది.

తమాషా ఏమిటంటే ఆర్-22 బదులు వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు గానీ వేడి లెక్కలో దానికంటే ఎక్కువ, 2,088. ఒకదాన్ని తప్పించుకుని ఇంకొకదానిలో పడ్డట్టయింది. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఆ ఒప్పందానికి సవరణ చేసి, ఆర్-410ఏ లాంటి, ఓజోన్‌ని ముట్టుకోని హెచ్‌ఎఫ్‌సీ గ్యాసులని కూడా తగ్గించే జాబితాలో పెట్టారు. మన దేశం 2021లో ఒప్పుకుంది. మన వంతు షెడ్యూలు 2028లో పెరుగుదల ఆపడంతో మొదలవుతుంది, 2032కి 10 శాతం, 2037కి 20, 2042కి 30, 2047కి 85 శాతం తగ్గించాలి. మధ్యలో నిదానం, చివరి అయిదేళ్ళలో ఒక్కసారిగా దూకుడు. ఎందుకలా పెట్టారో ఊహించుకోవచ్చు, మన ఇళ్ళలో ఏసీలు ఇంకా ఇప్పుడిప్పుడే కదా వస్తున్నాయి.

మా మరిది రాయగడ వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఈ మాటలు విని, "మాకూ వచ్చింది వదినా కొత్త రూలు" అన్నాడు. 2025 అక్టోబరులో కేంద్రం అల్యూమినియం, సిమెంటు, కాగితం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ) రంగాల్లో 282 ఫ్యాక్టరీలకి కార్బన్ తగ్గించే లక్ష్యాలు పెట్టింది. మొత్తం ఎంత పొగ అని కాదు, టన్ను సరుకు తయారీకి ఎంత అని లెక్క. 2023-24 ఆధారంగా 2025-26కి, 2026-27కి తగ్గించాలి. లక్ష్యం కంటే బాగా తగ్గించినవాళ్ళకి సర్టిఫికెట్లు వస్తాయి, అమ్ముకోవచ్చు. తగ్గించలేనివాళ్ళు కొనుక్కోవాలి. కొనకపోతే ఆ ఏడాది సర్టిఫికెట్ సగటు ధరకి రెట్టింపు కట్టాలి. వాళ్ళ ఆఫీసులో లెక్కలు రాసేవాళ్ళకి ఒకటే టెన్షన్ అట.

మా గోడ వెనక నట్టుకి అలాంటి టెన్షన్ ఏమీ లేదు. అదే నాకు ఈ వ్యవహారం మొత్తంలో నచ్చనిది. గ్యాసు తయారయ్యే ఫ్యాక్టరీ దగ్గర కోటా ఉంది, ఓడరేవు దగ్గర లైసెన్సు ఉంది, ఏసీ డబ్బా మీద స్టారు ఉంది. ఇంటికి వచ్చి గోడెక్కిన తర్వాత, లక్షల మిషన్లలో ఉన్న గ్యాసుకి కాపలా ఎవరంటే మూడు వేల రూపాయల పనికి బండి మీద వచ్చే మెకానిక్. అతను వదిలేస్తే అడిగేవాడు లేడు, జాగ్రత్త పడితే మెచ్చుకునేవాడూ లేడు, పైగా "రేటెక్కువ" అని మనమే అంటాం. 2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసు మెకానిక్కులకి ట్రైనింగ్ ఇవ్వాలని రాశారు. మంచి మాటే. కానీ ట్రైనింగ్ అయినవాడికీ కానివాడికీ తేడా చూసి పిలిచే కస్టమరు ఎక్కడ? మా వీధిలో నేను తప్ప ఆ సర్టిఫికెట్ ఏమిటని అడిగినవాళ్ళు లేరని అతనే చెప్పాడు.

సరే, రెండో పని. కేంద్రం ఏసీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాక, 2025 దసరాల తర్వాత ముందు గదికి కొత్తది కొన్నాం. పాతది వెనక స్టాకు గదికి మార్చాలి. ఇదీ ఇతనికే చెప్పాం.

పాత ఏసీని విప్పడం చూడవలసిన పని. దీనికి రికవరీ మెషీన్ కూడా అక్కర్లేదు. ఏసీ ఆన్‌లో ఉండగానే బయటి యూనిట్ పక్కనుండే రెండు వాల్వుల్లో సన్న పైపుదాన్ని అలెన్ కీతో మూసేశాడు. కంప్రెసరు ఆడుతూనే ఉంది, లోపలి యూనిట్‌లో ఉన్న గ్యాసంతా లావు పైపు గుండా వెనక్కి లాగేసుకుంది. గేజి సున్నాకి దిగుతుండగా లావు పైపు వాల్వు కూడా మూసి ఏసీ ఆపేశాడు. గ్యాసంతా బయటి డబ్బాలో భద్రం. అప్పుడు పైపులు విప్పితే చప్పుడే లేదు. పంప్ డౌన్ అంటారు. పది నిమిషాలు కూడా పట్టలేదు, అదనంగా పైసా తీసుకోలేదు.

ఇంత తేలికైన పని ఎంతమంది చెయ్యరో! మా వీధిలో బట్టల షాపు ఆయన ఎక్స్‌ఛేంజ్‌లో పాత ఏసీ ఇచ్చేశాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాళ్ళు నట్లు విప్పే ఓపిక కూడా లేకుండా రాగి పైపుని కట్టరుతో టక్కున కోశారు. తెల్లటి ఆవిరి బుస్సుమని వచ్చింది, నూనె చుక్కలు గోడ మీద చింది ఇప్పటికీ మరక ఉంది. ఆ కుర్రాళ్ళకి కావలసింది రాగి. కిలో గ్యాసు, అంటే ఇందాకటి లెక్కలో 2,500 యూనిట్ల కరెంటు, అరనిమిషంలో వీధిలో కలిసిపోయింది. అక్కడ నిలబడ్డ మాకెవరికీ అది నేరంగా కనిపించలేదు సరికదా, ఏసీ గాలి వచ్చిందని పిల్లలు నవ్వారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నిబంధనల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు ఉన్నాయి. పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. పాత మిషన్లలో గ్యాసు సంగతి కూడా అదే ఏడాది సవరణలో చేర్చారు. కాగితం మీద కంపెనీ దగ్గర్నుంచి రీసైక్లరు దాకా గొలుసు చక్కగా ఉంది. మా వీధిలో ఆ గొలుసు మొదటి లింకు చేతిలో కట్టరు ఉంది.

కొత్త ఏసీ గురించి కూడా రెండు మాటలు. ఫైవ్ స్టార్ ఇన్వర్టర్, ఆర్-32 గ్యాసు. వేడి లెక్కలో ఆర్-32ది 675, పాతదానిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. గ్యాసు కూడా తక్కువ పడుతుంది. స్టారు లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసే అంకె 1,600 గంటల వాడకం లెక్కన వేస్తారు, మాలాంటి షాపుకి అది చాలదు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడుతుంది. కొనేముందు మీ గంటలు మీరు వేసుకోండి. ఆన్ చెయ్యగానే 24 మీద మొదలవుతుంది, 2020 నుంచి అన్ని కొత్త ఏసీలకీ అదే రూలు. 20 నుంచి 28 మధ్యలోనే తిప్పేలా చేస్తామని 2025 జూన్‌లో కేంద్రమంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ అన్నప్పుడు మా కస్టమర్లలో కొందరు ఇంట్లోకి ప్రభుత్వం దూరిందన్నట్టు మాట్లాడారు. నా మటుకు నాకు 24 చాలు, మందులకీ చాలు.

ఆర్-32కి కాస్త మండే గుణం ఉంది. సిలిండరు మీద, మిషన్ మీద మంట గుర్తు స్టిక్కరు ఉంటుంది. బిగించే రోజున అతను మొదట చేసిన పని ఏమిటంటే, నేను పూజ చేసుకునే మూలలో వెలుగుతున్న దీపం చూసి, "అమ్మా, నా పని అయ్యేదాకా అది కొండెక్కించెయ్యండి" అని అడగడం. వెల్డింగ్ లేకుండా పైపులు నట్లతోనే కలిపాడు, మళ్ళీ నైట్రోజన్, మళ్ళీ వాక్యూమ్. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆర్-22 సిలిండరు రేటు పెరిగింది కదాని కొందరు పాత మిషన్లలో వేరే గ్యాసులు నింపేస్తున్నారట. ఆర్-32 ప్రెషర్ చాలా ఎక్కువ, పాత కంప్రెసరు, పైపులు దానికోసం చేసినవి కావు. ఎవరైనా "కొత్త గ్యాసు వేస్తాను, చవకగా అవుతుంది" అంటే, మిషన్ స్టిక్కరు మీద రాసిన నంబరు చూపించి అదే వెయ్యమనండి.

ఇక ఒక స్టారు ఎందుకు కోశానో.

టైము. ఏప్రిల్, మే నెలల్లో అతను దొరకడం దుర్లభం. రేపు అంటే ఎల్లుండి, పొద్దున అంటే సాయంత్రం. ఫోను ఎత్తడు, వాట్సాప్‌లో చూస్తాడు గానీ జవాబు ఇవ్వడు. ఒకసారి మందుల అరలు ఖాళీ చేసి, స్టాకంతా పెట్టెల్లో సర్ది ఉంచాక రాలేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి ఈ రివ్యూ రాసి ఉంటే 2 స్టార్లే వచ్చేవి. సహాయానికి ఒక కుర్రాడిని పెట్టుకోమని చెప్పాను. "పెట్టుకుంటే నేర్చుకుని వెళ్ళిపోయి పక్కనే షాపు పెడతాడమ్మా" అన్నాడు. ఆ బెంగ అబద్ధం కాదు గానీ కస్టమర్‌గా నాకేం పట్టింది?

బిల్లు చేతిరాతే, జీఎస్టీ నంబరు లేదు. మా ఆడిటరుకి నచ్చలేదు.

అన్నిటికంటే పెద్దది, తీసిన గ్యాసు ఎక్కడికి వెళ్తుందన్నది. మంచిదైతే ఫిల్టరు చేసి మళ్ళీ ఎవరి మిషన్‌కో వాడతాడు, దానికి అభ్యంతరం లేదు. కంప్రెసరు కాలిపోయిన మిషన్ నుంచి తీసింది మాత్రం ఆసిడ్ పట్టి ఉంటుంది, పనికిరాదు. అలాంటిది నింపిన సిలిండరు ఒకటి షాపు వెనక మూల నిలబెట్టి ఉంది, మీద చాక్‌పీసుతో ఇంటూ మార్కు. "ఏం చేస్తావు దీన్ని?" అంటే, "ఎక్కడికి పంపాలో ఎవరూ చెప్పలేదమ్మా, వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు" అన్నాడు. గజపతి జిల్లాలో ఆ సిలిండరు తీసుకునే చోటు ఒకటి ఉండాలి. లేకపోతే ఇతనిలాంటివాడు ఎన్నాళ్ళు మూలన పెట్టుకుంటాడు? సిలిండరు ఖరీదు కూడా అతని జేబులోదే. ఇందులో తప్పు షాపుది కాదని తెలుసు, అయినా స్టారు ఇచ్చేటప్పుడు మొత్తం పని చూసి ఇస్తాను కదా.

ధర గురించి గొణిగేవాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను, సర్వీసుకి మిగతావాళ్ళ కంటే రెండు మూడు వందలు ఎక్కువ, గ్యాసు పనికి వెయ్యికి పైనే ఎక్కువ. బేరం ఆడితే కొంచెం తగ్గిస్తాడు, కానీ అప్పుడు కూడా వాక్యూమ్ మానెయ్యడు, నేను అడిగి చూశాను. ఒడియా, తెలుగు రెండూ మాట్లాడతాడు, మా అత్తగారికి అర్థమయ్యేలా మూడుసార్లయినా చెబుతాడు. ఫ్రిజ్‌లు కూడా చేస్తాడు గానీ కొత్త ఫ్రిజ్‌లలో వచ్చే ఆర్-600ఏ మండే గ్యాసు, దాని పని ఇరుకు షాపులో పెట్టుకోనని చెప్పి కంపెనీ సర్వీసుకి పంపించేస్తాడు. నా ఇన్సులిన్ ఫ్రిజ్ విషయంలో అలాగే పంపాడు, కోపం రాలేదు.

పిలవాలనుకునేవాళ్ళు సంక్రాంతి అయ్యాక, శివరాత్రి లోపల పిలవండి. అప్పుడు ఖాళీగా ఉంటాడు, లీకు వెతకడానికి తీరిక ఉంటుంది, టీ కూడా తాగుతాడు. మే నెలలో ఫోన్ చేసి ఎత్తలేదని మాత్రం నా షాపుకొచ్చి నన్ను అనకండి.